యాక్సెస్ నేర్చుకుందాం – 5: మొత్తం ఎక్కడ వేయాలి?

పోయిన పాఠంలో మైక్రోసాఫ్ట్ వారి డేటాబేస్ ప్రోగ్రాం యాక్సెస్‌లో, పాల కేంద్రం లెక్క కోసం సభ్యులు, పాలు అనే రెండు టేబుళ్లను సభ్యుని నంబరుతో కలిపి క్వెరీ (టేబుళ్లలోంచి కావలసిన వివరాలు తెచ్చే ప్రశ్న) రాశాం. అది నడిపితే సభ్యుని నంబరు, పేరు, తేదీ, పూట, లీటర్లు, వెన్న శాతం, రూపాయలు వరసగా వస్తాయి. మనకైతే చాలు. పదిహేను రోజుల బిల్లు కోసం వచ్చిన రైతు చేతిలో ఆ జాబితా పెడితే మాత్రం "ఇందులో నాదెంత?" అని అడుగుతాడు. అది చెప్పడానికే రిపోర్టు.

క్రియేట్ ట్యాబ్‌లో రిపోర్ట్ విజార్డ్ తెరిచి, మన క్వెరీలోని ఫీల్డులన్నీ (తేదీ, లీటర్లు లాంటి గడులు) ఎంచుకోండి. డేటాను ఎలా చూడాలి అని అడిగితే 'పాలు' టేబుల్ చూపించండి. గ్రూపింగ్ దగ్గర సభ్యుని నంబరు ఇవ్వండి, పేరు వద్దు. ఊళ్లో ఇద్దరు వెంకటేశ్వర్లు ఉంటే ఇద్దరి పాలూ ఒకే బిల్లులో కలిసిపోతాయి. సార్టింగ్‌కు తేదీ, ఆ తర్వాత పూట. ('ఉ' తర్వాతే 'స' వస్తుంది కాబట్టి సాయంత్రం కన్నా ఉదయం ముందు పడుతుంది. మన అదృష్టం!) అక్కడే సమ్మరీ ఆప్షన్స్ అనే బటన్ ఉంటుంది. ఇవాళ్టికి దాన్ని ముట్టుకోకండి, చేత్తో వేస్తేనే సంగతి తెలుస్తుంది.

ఇప్పుడు డిజైన్ వ్యూకి వెళ్లండి. రిపోర్టు అడ్డపట్టీలుగా కనిపిస్తుంది. డిటైల్ పట్టీలో పెట్టింది ప్రతి పూట పాలకూ ఒకసారి అచ్చవుతుంది. గ్రూప్ ఫుటర్‌లో పెట్టింది సభ్యుడికి ఒకసారి, రిపోర్ట్ ఫుటర్‌లో పెట్టింది మొత్తం మీద ఒక్కసారే. గ్రూప్ ఫుటర్ కనబడకపోతే గ్రూప్ అండ్ సార్ట్ నొక్కి, కింద వచ్చే వరసలో 'మోర్' తెరిచి ఫుటర్ సెక్షన్ పెట్టించండి. రిపోర్ట్ ఫుటర్ మూసుకుని ఉంటే దాని అడుగు అంచును మౌస్‌తో కిందికి లాగండి.

గ్రూప్ ఫుటర్‌లో ఒక టెక్స్ట్ బాక్స్ గీసి =సమ్([రూపాయలు]) అని ఇవ్వండి. సమ్ అంటే కూడమని చెప్పడం, దాన్ని ఇంగ్లీషు అక్షరాల్లోనే (Sum) కొట్టాలి. ఇదే బాక్సును కాపీ చేసి రిపోర్ట్ ఫుటర్‌లో కూడా పెట్టండి. ఫార్ములాలో ఒక్క అక్షరం మారలేదు. అయినా మొదటిది ఒక రైతు మొత్తం, రెండోది కేంద్రం మొత్తం. ఏది కూడాలో ఫార్ములా చెప్పదు, అది కూర్చున్న చోటు చెబుతుంది.

నేను మొదటిసారి ఈ బాక్సును పేజ్ ఫుటర్‌లో పెట్టాను. పేజీ కింద మొత్తం ఉంటే బాగుంటుందనుకున్నా, 'ఎర్రర్' అని వచ్చింది. ఫార్ములా తప్పేమో అని గంటసేపు టెన్షన్ పడ్డాను. పేజ్ ఫుటర్‌లో సమ్ పనిచేయదు, అంతే. సరైన చోట పెట్టినా ఎర్రర్ వస్తుంటే బాక్సు పేరు చూడండి. దానికీ 'రూపాయలు' అనే పేరే ఉంటే యాక్సెస్ తికమకపడుతుంది. 'సభ్యుని_మొత్తం' అని మార్చండి.

అభ్యాసం: గ్రూప్ ఫుటర్ ప్రాపర్టీల్లో ఫోర్స్ న్యూ పేజ్‌ను 'ఆఫ్టర్ సెక్షన్' చేసి ప్రింట్ ప్రివ్యూ చూడండి. ఎవరి బిల్లు వారికి విడి కాగితం మీద వస్తుంది. కేంద్రం మొత్తం ఒక్కటే చివరి కాగితం మీద పడుతుంది. అది రైతులకు ఇవ్వకండి, మీ ఫైల్లో పెట్టుకోండి.