చుట్టాలు దిగకముందే అన్నం గుండిగ సంగతి తేల్చుకోండి

పోయిన వారం మా వీధి చివరి ఇంట్లో గృహప్రవేశం జరిగింది. తెల్లవారుజామున ముహూర్తం, ఎనిమిదింటికి పులిహోర, పెరుగన్నం. పదకొండు దాటేసరికి పిల్లలకు వాంతులు మొదలయ్యాయి. మధ్యాహ్నానికి పెద్దవాళ్ళు కూడా ఒక్కొక్కరే మంచమెక్కారు. ఎనభై ఏళ్ళ పెద్దావిడను ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళి సెలైన్ పెట్టించాల్సి వచ్చింది. దేవుడి దయవల్ల అందరూ కోలుకున్నారు. చింతపండు పాతదేమో, నూనె కల్తీదేమో అని ఇంట్లోవాళ్ళు తర్జనభర్జన పడుతుంటే, "అన్నం ఎప్పుడు వండారు వదినా?" అని అడిగాను. రాత్రి పదింటికే వార్చి, ఆరిపోకుండా మూత బిగించి, పైన తువ్వాలు కూడా కప్పామని చెప్పింది. ఆసుపత్రిలో డాక్టరు గారు అడిగిన మొదటి ప్రశ్న కూడా అదేనట.

ముందు పెళ్ళిళ్ళున్నాయి, సెలవులకు వచ్చే మనవళ్ళున్నారు, రోళ్ళు పగిలే రోహిణి కార్తె ఉంది. ముప్పై నలభై మందికి ఇంట్లోనే తక్కువ ఖర్చులో వండిపెట్టాలనుకునే వాళ్ళ కోసం రాస్తున్నాను. చేతులు కడుక్కోండి, కూరగాయలు కడగండి అని చెప్పను. అవి మీకు తెలుసు. తెలిసినవాళ్ళు కూడా చేసే తప్పు ఒకటుంది. వేడి అన్నాన్ని పెద్ద గుండిగలో మూత పెట్టి రాత్రంతా వదిలేయడం.

ఆ గుండిగ మూతను తెల్లవారుజామున ఎత్తి చూసినవాళ్ళకు తెలుస్తుంది. మూత లోపలి నుంచి నీళ్ళు బొట్లు బొట్లుగా అన్నం మీద పడుతుంటాయి. పైన చల్లగానే ఉంటుంది. గరిటె దించి అడుగు నుంచి ఎత్తితే ఆవిరి రాదు గానీ, మధ్యలో చేయి పెడితే ఇంకా గోరువెచ్చగా తగులుతుంది. మెతుకు కాస్త జిగురుగా ఉంటుంది. వాసన మాత్రం ఏమీ రాదు. రుచి చూసినా తేడా తెలియదు. అందుకే ఇంత అనుభవం ఉన్న ఇల్లాళ్ళు కూడా మోసపోతారు.

బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి ఉంటుంది. నీళ్ళు మరిగే వేడికి అది చచ్చినా, గట్టి పొట్టున్న విత్తనాల్లాంటి దాని బీజాలు చావవు. అన్నం చల్లారుతూ గోరువెచ్చని స్థితికి రాగానే అవి మొలకెత్తుతాయి, పెరుగుతాయి, అన్నంలోకి విషాన్ని వదులుతాయి. కిలో అన్నం పళ్ళెంలో పోస్తే చూస్తుండగానే చల్లారిపోతుంది. అయిదు కిలోల బియ్యం అన్నం ఒకే గుండిగలో ఉంటే నడిమధ్య భాగం తెల్లవార్లూ గోరువెచ్చగానే ఉంటుంది. సూక్ష్మజీవికి అంతకన్నా అనువైన చోటు ఉండదు.

ఇక్కడే ఇంకో భ్రమ ఉంది. "పొద్దున మళ్ళీ బాగా వేడి చేశాం కదా" అంటారు. అది వదిలిన విషం వంటింటి వేడికి పోదు. ఆవిరి పట్టినా, తిరగమోతలో వేయించినా అలాగే ఉంటుంది. "పులుపు వేశాం కదా, పులిహోర పాడవదు" అని కూడా అంటారు. ఆరబెట్టిన అన్నంలో వెంటనే పులుసు కలిపితే ఆ పులుపు కాపాడుతుంది, నిజమే. రాత్రంతా మగ్గిన అన్నంలో పొద్దున కలిపితే అప్పటికే చేరిన విషాన్ని చింతపండు తీసేయలేదు. మన పెద్దవాళ్ళు పులిహోర అన్నాన్ని వార్చగానే తాంబాళంలో పరిచి, పసుపు, నువ్వుల నూనె వేసి ఆరబెట్టేవారు. మెతుకు విడివడడానికే అనుకున్నాం గానీ, ప్రాణానికీ అదే రక్ష.

మరి చద్దన్నం తినడం లేదా అని అడుగుతారు. అది చిన్న ముంతలో నీళ్ళో మజ్జిగో పోసి పులియబెట్టిన అన్నం. మూత బిగించిన గుండిగ అన్నానికి దానితో పోలిక లేదు.

రాత్రి చేసుకోదగినవి

పులిహోర పులుసు. నూనె తేలేదాకా ఉడికిస్తే హాయిగా నిలుస్తుంది. రెండు కిలోల బియ్యానికి పావుకిలో చింతపండు తీసుకోండి. పల్లీలు వేయించి పెట్టుకోండి. కందిపొడి కొట్టుకోండి. పప్పు, బియ్యం కొలిచి విడివిడిగా కట్టిపెట్టండి. పడుకునే ముందు పాలు తోడు వేయండి. ఎండాకాలం నాలుగైదు గంటల్లో తోడుకుంటుంది, లేవగానే ఫ్రిజ్‌లోకి మార్చండి, లేకపోతే భోజనాల వేళకు పుల్లబడుతుంది.

పొద్దున్నే చేయాల్సినవి

అన్నం, పప్పు, చారు, కూర. నలభై మందికి మామిడికాయ పప్పు, దొండకాయ వేపుడు, టమాటా చారు, కందిపొడి, ఆవకాయ, పెరుగు చాలు. ఎవరూ లోటనుకోరు, ఖర్చూ అదుపులో ఉంటుంది. బియ్యం అయిదు కిలోలు, కందిపప్పు కిలోన్నర, పెరుగు ఆరు లీటర్లు. పులిహోర కూడా ఉంటే రెండు కిలోలు దానికి పోగా మూడు కిలోలు మామూలు అన్నానికి సరిపోతాయి. చుట్టాలు ఎక్కువైతే చారు పెంచండి, అన్నాన్ని ముందే పెంచి కూర్చోకండి.

అన్నాన్ని ఒకేసారి వండకండి. రెండు వాయిలుగా వండండి. మొదటి పంక్తి విస్తళ్ళ ముందు కూర్చోగానే రెండో వాయి పొయ్యి ఎక్కించండి. ఎసరు ముందే పక్క పొయ్యి మీద మరుగుతుంటే అరగంటలో అయిపోతుంది. ఇది ఒక్కటి పాటించినా రాత్రి వండాల్సిన అవసరమే రాదు.

"తెల్లవారుజామున లేచి వండే ఓపిక ఎవరికుంది?" అంటే, ఉదయానికి ఉప్మా పెట్టండి. కిలో బొంబాయి రవ్వ పన్నెండు మందికి పైగా వస్తుంది, ఇరవై నిమిషాల పని. రాత్రి వండిన పులిహోర కన్నా అప్పుడు చేసిన ఉప్మా వెయ్యి రెట్లు మేలు.

ఇక మిగతావి, గుర్తొచ్చిన వరుసలో:

- అన్నం వార్చాక వెంటనే వడ్డించకపోతే వెడల్పాటి పళ్ళాల్లో రెండు అంగుళాల మందం మించకుండా పరవండి. ఫ్యాను వేయండి. పైన పలుచని గుడ్డ కప్పండి, మూత పెట్టకండి.
- పులిహోర పులుసు తప్ప వండినదేదైనా పొయ్యి దించిన రెండు గంటల్లోపు తినేయాలి, లేదా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టాలి. నడి ఎండాకాలంలో గంటే లెక్క.
- వేడి గుండిగను అలాగే ఫ్రిజ్‌లోకి తోయకండి. చిన్న గిన్నెల్లోకి తీయండి.
- కళాయి పోయిన ఇత్తడి గిన్నెలో చారు, పులుసు, పులిహోర చేయకండి. పులుపుకు రాగి కరిగి వాంతులు పడతాయి.
- కొబ్బరి పచ్చడి చిట్టచివర రుబ్బండి. మిగిలితే పారేయండి.
- చేతికి కోత, పుండు ఉన్నవారు అన్నం కలపకూడదు. వాళ్ళు ఎంత దగ్గరి చుట్టమైనా సరే, విస్తళ్ళు వేసే పని ఇవ్వండి.
- మజ్జిగలోకి ఐసు దిమ్మ కొట్టి వేయకండి. కుండ నీళ్ళు చాలు.
- ఊరికి తిరిగి వెళ్ళేవాళ్ళకు పులిహోర పొట్లాలు వార్తాపత్రిక కాగితంలో కట్టకండి. అచ్చు సిరా తిండికి అంటుతుంది. అరిటాకు వాడండి.
- మిగిలిన కోడికూర, సాంబారు కూడా పెద్ద గిన్నెలోనే మూత పెట్టి వదిలేయకండి. అన్నానికి జరిగేదే వాటికీ జరుగుతుంది.
- గ్యాసు వాసన వస్తే స్విచ్చులు ముట్టుకోకండి. కిటికీలు, తలుపులు తెరవండి.
- మిగిలిన అన్నం పనిమనిషికి ఇచ్చేస్తాం అంటారు. మీరు తినలేనిది ఆమెకూ ఇవ్వకండి.
- తిన్న గంట నుంచి ఆరు గంటల్లోపు పలువురికి వాంతులైతే దిష్టి అనుకుని కూర్చోకండి. లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా తాగించండి. చెంచా తలగొట్టినట్టు కొలవండి, ఉప్పు ఎక్కువైతే ప్రమాదం. పసిపిల్ల డస్సిపోయినా, ముసలివాళ్ళకు మూత్రం ఆగినా 108కి ఫోను చేయండి.
- వాసన చూసి తేల్చకండి. రుచి చూసి తేల్చకండి. గడియారం చూసి తేల్చండి.
- రాత్రి పడుకునే ముందు ఒకసారి వంటింట్లోకి వెళ్ళి గుండిగ మూత ఎత్తండి. లోపల అన్నం ఉంటే వార్చి ఎంతసేపయిందో అడగండి. రెండు గంటలు, నడి ఎండాకాలమైతే గంట, దాటకపోతే అప్పటికప్పుడే పళ్ళాల్లోకి తీయించి, చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టించండి. దాటితే ఎవరేమనుకున్నా సరే, పారబోయించండి. పొద్దున మళ్ళీ ఎసరు పెట్టండి.