తక్కువ నీటి ఫ్లష్‌ను సరిగా వాడుకోవడం ఎలా

పాత ఫ్లష్ ట్యాంకుల్లో చాలావాటికి మీట ఒక్కసారి నొక్కితే 10 లీటర్లకు పైగా నీళ్లు పోయేవి. ఇప్పుడు వాడుకలో ఉన్న రెండు బటన్ల ట్యాంకుల్లో సాధారణంగా పెద్ద బటన్ 6 లీటర్లు, చిన్న బటన్ 3 లీటర్లు వదులుతుంది. ఇంత తక్కువ నీటితో కమోడ్ శుభ్రపడాలంటే దాని లోపలి వంపు, అంచు కింద నీరు దూకే దారులు, ట్యాంకులోంచి నీరు ఒక్కసారిగా దిగే వేగం ఒకదానికొకటి సరిపోవాలి. అందువల్ల పాత కమోడ్‌ను అలాగే ఉంచి దానికి కొత్త ట్యాంకు మాత్రమే తగిలిస్తే తరచూ నిరాశే మిగులుతుంది. మరింత ఆదా చేద్దామని ట్యాంకులో ఇటుక వేయడం కూడా మంచిది కాదు. అది నానిన కొద్దీ రాలే పొడి, ట్యాంకు అడుగున నీటిని ఆపి ఉంచే వాల్వు కింద చేరుతుంది, ఫ్లష్ బలహీనపడి రెండోసారి నొక్కవలసి వస్తుంది.

మూత్రానికి చిన్న బటన్, మలానికీ కాగితానికీ పెద్ద బటన్ అన్న సంగతి తెలిసిందే. అయితే పెద్ద బటన్ నొక్కవలసిన చోట చిన్నదాన్ని రెండుసార్లు నొక్కడం ఆదా కాదు. ఖర్చయ్యే నీరు అంతే, కానీ ఒకే ఊపులో వచ్చే 6 లీటర్ల తోపు రెండు విడతల 3 లీటర్లకు ఉండదు. ఏ బటన్ దేనికో పిల్లలకు ఒకసారి చూపించడం మేలు, ఎందుకంటే కొన్ని ట్యాంకుల మీది గుర్తులు పెద్దలకే అర్థం కావు.

నా అభిప్రాయంలో అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది లీకు మీద. పది నిమిషాలకు ఒక లీటరు చొప్పున కారినా రోజుకు 144 లీటర్లు, అంటే 24 పెద్ద ఫ్లష్‌ల నీరు, చప్పుడు లేకుండా పోతుంది. పరీక్ష సులువు: ట్యాంకులో కొద్దిగా ఫుడ్ కలర్ కలిపి, అరగంట దాకా ఎవరూ ఫ్లష్ చేయకుండా చూడాలి. కమోడ్‌లోకి రంగు దిగితే ముందుగా ట్యాంకులో నీటి మట్టం గమనించాలి. ట్యాంకు మధ్యలో నిలబడి ఉండే గొట్టం పైఅంచు దాటి నీరు దానిలోకి పొర్లుతుంటే లోపం ఫ్లోటుది, అంటే ట్యాంకు నిండగానే నీటిని ఆపే తేలుడు భాగానిది. మట్టాన్ని లోపలి గీత దగ్గరికి దించాలి. గీతకు కిందికి మాత్రం దించకూడదు. మట్టం గొట్టం అంచుకు తక్కువగానే ఉన్నా రంగు దిగుతుంటే, అడుగున ఉన్న రబ్బరు వాషర్‌ను అనుమానించాలి.

వాషర్ చూడాలంటే ట్యాంకుకు నీరు వచ్చే కుళాయి కట్టేసి, ఫ్లష్ చేసి, వాల్వును బయటికి తీయాలి. చాలా మోడళ్లలో అది కొద్దిగా తిప్పితే ఊడివస్తుంది. వాషర్ చుట్టూ వేలు పోనిస్తే జిగటగా పాచి గానీ ఇసుక రేణువు గానీ తగులుతుంది. కడిగి పెడితే చాలాసార్లు అంతటితో లీకు ఆగుతుంది. రబ్బరు గట్టిపడినా ఉబ్బినా మార్చడమే దారి. ట్యాంకులో వేసే క్లోరిన్ బిళ్లలు ఈ రబ్బరును త్వరగా పాడుచేస్తాయి కనుక వాటిని వాడకపోవడమే నయం.

నీరు ఉప్పగా ఉండే ఇళ్లలో అంచు కింది రంధ్రాలకు గార పట్టి, ట్యాంకు నిండా నీళ్లున్నా ఫ్లష్ నీరసంగా పడుతుంది. వెనిగర్‌లో తడిపిన గుడ్డ ముక్కలను అక్కడ రాత్రంతా అంటించి ఉంచి, తెల్లవారాక పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే గార ఊడుతుంది. ఆ సమయంలో బ్లీచింగ్ జాడలు ఏమాత్రం ఉండకూడదు, ఆమ్లంతో కలిస్తే విషవాయువైన క్లోరిన్ వెలువడుతుంది.

కమోడ్‌లో నిలిచే నీటి వైశాల్యం తక్కువగా ఉండే మోడళ్లలో గోడలకు మరకలు అంటడం సహజమే. పక్కన ఒక బ్రష్ ఉంచుకుంటే సరిపోతుంది. తడి వైప్స్, శానిటరీ ప్యాడ్లు ఏ కమోడ్‌లోనూ వేయకూడదు, తక్కువ నీటి కమోడ్‌లో అసలే వేయకూడదు. ఇవన్నీ సరిగా ఉన్నా నీరు నెమ్మదిగా దిగుతూ, బాత్రూమ్ జాలీలో గుడగుడమని చప్పుడు వస్తుంటే లోపం కమోడ్‌ది కాకపోవచ్చు. బయటి పైపు వాలునూ గాలి గొట్టాన్నీ ప్లంబర్ చేత చూపించాలి.