పాత పుస్తకాలు పాడవకుండా, పరిశోధకులకు అందేలా ఉంచడం ఎలా?

మా ఊరి గ్రంథాలయంలో ఒక ఇనప బీరువా ఉండేది. 'పాతవి, ముట్టరాదు' అని చీటీ అంటించి తాళం వేశారు. ఏళ్ల తర్వాత ఒక పరిశోధక విద్యార్థి అడిగితే తెరిచాం. కింది అరలో అట్టలన్నీ చక్కగానే ఉన్నాయి. ఒకటి పట్టుకుని లాగితే అట్ట చేతికొచ్చింది, లోపలంతా చెదలు పెట్టిన మట్టి. తాళం మనుషుల్ని ఆపింది గానీ చెదల్ని ఆపలేదు. అందుకే ముందే చెబుతున్నా: చదివేవాళ్లు రాకపోతే పుస్తకం పాడవుతున్న సంగతి కూడా ఎవరికీ తెలియదు.

ముందు చోటు చూడండి

బీరువా గోడకు జానెడు ఎడంగా, నేలకు కాస్త ఎత్తులో ఉండాలి. కింద ఇటుకలు పెట్టినా చాలు. గాలిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే కాగితానికి హాయి. కోస్తా ఊళ్లలో అది కుదిరే పని కాదు. పగలు ఏసీ వేసి రాత్రి ఆపేయడం కన్నా ఫ్యాన్, గాలి ఆడే కిటికీ మేలు; తేమ పెరిగి తగ్గుతూ ఉంటేనే ఎక్కువ చేటు. పురుగు పట్టిన పుస్తకాన్ని పాలిథిన్ కవర్లో గాలి చొరకుండా చుట్టి, మైనస్ 20 డిగ్రీల డీప్ ఫ్రీజర్లో వారం ఉంచండి. బయటికి తీశాక ఒక రోజంతా కవర్ విప్పకండి, తడి పడుతుంది.

తర్వాత జాబితా

అసలు పని ఇదే. జాబితా లేని చోట ఒక పుస్తకం కోసం ఇరవై పుస్తకాలు కదిలిస్తారు. చవక కాగితంలోని ఆమ్లం దాన్ని లోపలినుంచే తినేస్తూ ఉంటుంది. అలాంటి పాత పత్రికను మడిస్తే అప్పడంలా విరుగుతుంది. ఎంత తక్కువ కదిలిస్తే అంత మంచిది.

పేరు, రచయిత, ప్రెస్సు, ఊరు, అర నంబరు రాయండి. సంవత్సరం దగ్గర జాగ్రత్త. లోపలి పేజీలో 'రక్తాక్షి' అని మాత్రమే ఉంటే అది 1924 కావచ్చు, 1984 కావచ్చు. వెల చూడండి: అణాల్లో ఉంటే 1924 అనుకోవచ్చు, ఎందుకంటే నయాపైసలు వచ్చింది 1957లో. తెలుగు సంవత్సరం, ఇంగ్లీషు సంవత్సరం రెండూ రాయండి. పేరులో అరసున్నా, బండి ఱ ఉంటే ఉన్నది ఉన్నట్టు ఒకసారి, ఇప్పటి రాతలో ఒకసారి ఎక్కించండి. వెతికేవాళ్లు అరసున్నా కొట్టరు కదా! వెనకటి బైండర్లు నాలుగైదు చిన్న పుస్తకాలు కలిపి కుట్టేసేవారు. పై పేరొక్కటే రాసుకుంటే మిగతావి ఉన్నా లేనట్టే.

స్కానింగ్

మొదలుపెట్టే ముందు అదే పుస్తకం, స్కాన్ చేసిన పుస్తకాలు ఉచితంగా దొరికే వెబ్‌సైటు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉందేమో చూడండి. ఉంటే పేజీలన్నీ ఉన్నాయో లేదో కూడా చూడండి. బిగుతు బైండింగ్‌ను ఫ్లాట్‌బెడ్ స్కానర్ అద్దం మీద బోర్లించి నొక్కకండి. సగం తెరిచి, రెండు వైపులా దిండ్లు పెట్టి, పైనుంచి కెమెరాతో తీయండి. స్పష్టత 300 డీపీఐకి (అంగుళానికి ఇన్ని చుక్కలని లెక్క) తగ్గకూడదు, సన్న అచ్చు పత్రికలకు 400. ప్రకటనల పేజీలు వదిలేయకండి. అమృతాంజనం ప్రకటన కోసమే వచ్చేవాళ్లుంటారు! మూల ప్రతి నాణ్యత తగ్గని ఫైలు రకమైన టిఫ్‌లో, చదువుకోవడానికి పీడీఎఫ్‌లో ఉంచండి. రెండు హార్డ్‌డిస్కులు, ఒకటి వేరే భవనంలో.

లాభాపేక్ష లేని పబ్లిక్ లైబ్రరీ తన దగ్గరున్న పుస్తకాన్ని భద్రత కోసం ఇలా డిజిటల్‌గా దాచుకోవడానికి 2012 సవరణ తర్వాత కాపీరైట్ చట్టం ఒప్పుకుంటుంది. ఆన్‌లైన్‌లో పెట్టడం వేరే సంగతి. దానికి రచయిత పోయి 60 ఏళ్లు దాటాలి, లేదా హక్కుదారుల అనుమతి కావాలి.

పుస్తకమే కావాలంటే

కొందరికి స్కాన్ చాలదు. కాగితం, కుట్టు, మార్జిన్లో రాతలు చూడాలి. ఇవ్వండి. చేతులు కడిగి ఆరబెట్టుకుంటే చాలు, గ్లౌజులు వద్దు. ఫొటోలు పట్టుకునేటప్పుడే అవి కావాలి. పెన్సిల్ తప్ప పెన్ను వద్దు. వేలు నాలుకకు అద్ది పేజీ తిప్పే అలవాటును మొహమాటం లేకుండా ఆపండి. జిరాక్స్ బదులు ఫ్లాష్ లేకుండా ఫోన్‌తో ఫొటో తీసుకోనివ్వండి.

చిరిగితే సెలోటేపు వేయకండి. ఈ తప్పు నేనే చేశాను. ఇరవై ఏళ్ల కిందట ఒక ముఖపత్రానికి శ్రద్ధగా అంటించాను. టేపు ఎండి ఊడిపోయింది, జిగురు మాత్రం బెల్లం పాకం రంగులో పుస్తకం పేరు మీదుగా అడ్డంగా మిగిలింది. ఊడిన అట్టను నూలు నాడాతో కట్టి ఉంచండి, చాలు. తాటాకు కట్టలైతే సొంత వైద్యం అసలే వద్దు. శుభ్రమైన గుడ్డలో చుట్టి, తెలిసినవాళ్లకు చూపించండి.

చదివినవాళ్లు వెళ్లేముందు ఒక చీటీ రాయమనండి: ఏ పేజీ చిరిగింది, ఎక్కడ పురుగు కనిపించింది అని. కిందటి వానాకాలం మా లైబ్రరీ కప్పు కారుతోందని మాకు తెలిసింది అలాంటి చీటీ వల్లే. మూడో అర, ఎడమ మూల అని కూడా రాసి ఉంది.