చేతికి తెలిసే గేరు – 3వ పాఠం: ముందు బుష్‌లు, తర్వాతే పొట్టి రాడ్

పోయిన పాఠం చివర ఒక పని చెప్పాను. ఇంజిన్ ఆపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, మూడో గేర్‌లో పెట్టి, గేర్ రాడ్ పైనుండే నాబ్‌ను ఒక వేలితో ముందుకూ వెనక్కూ, కుడికీ ఎడమకీ ఊపితే ఎంత దూరం ఉత్తినే కదులుతోందో స్కేలుతో కొలవమన్నాను. ఈ పాఠం ఆ వదులును, అంటే ప్లేని, తగ్గించడం గురించి. కాబట్టి ఆ అంకెలు కాగితం మీద ఉంటేనే పనికొస్తుంది. కొలవనివాళ్లు ఇప్పుడే కిందికి వెళ్లి కొలిచి రండి.

మనం పని చేస్తున్నది మన రోడ్ల మీద ఎక్కువగా కనిపించే రకం కారు మీద. ముందు చక్రాలు లాగుతాయి, గేర్‌బాక్స్ బానెట్ కింద ఇంజిన్ పక్కన ఉంటుంది, రాడ్‌కూ దానికీ మధ్య రెండు కేబుళ్లు ఉంటాయి. రాడ్‌ను పక్కకు జరిపితే సెలెక్ట్ కేబుల్ కదులుతుంది, ముందుకూ వెనక్కూ తోస్తే షిఫ్ట్ కేబుల్ కదులుతుంది. అంటే మీరు కొలిచిన రెండు అంకెలు రెండు వేర్వేరు కేబుళ్ల సంగతి చెబుతున్నాయి. పక్కకు ఊగడం ఎక్కువైతే సెలెక్ట్ వైపు, ముందువెనకలు ఎక్కువైతే షిఫ్ట్ వైపు ముందు చూడండి. (స్టీరింగ్ పక్కన గేర్ రాడ్ ఉండే పాత అంబాసిడర్ నడిపినవాళ్లకు ఈ ఊగిసలాట ఒక లెక్కే కాదనుకోండి.)

ఇప్పుడు కాస్త లెక్క. గేర్ రాడ్ కూడా గునపం లాంటిదే. మధ్యలో ఒక ఆనిక, పైన పొడుగు భాగం, కింద పొట్టి భాగం. ఉదాహరణకు పైభాగం 240 మిల్లీమీటర్లు, కిందిభాగం 60 అనుకుందాం. నిష్పత్తి నాలుగుకు ఒకటి. కింద కేబుల్ 30 మిల్లీమీటర్లు కదలాలంటే పైన మీ చెయ్యి 120 కదలాలి. ఇదే లెక్క ప్లేకి కూడా వర్తిస్తుంది. కింద బుష్, అంటే కేబుల్ చివర రింగులో ఉండే చిన్న గొట్టం లాంటి ముక్క, అరిగి 2 మిల్లీమీటర్ల సందు వచ్చిందంటే, పైన నాబ్ దగ్గర అది 8 మిల్లీమీటర్లు. చిన్న రబ్బరు ముక్క అరిగితే రాడ్ మొత్తం సాంబారులో గరిటెలా తిరుగుతున్నట్టు అనిపించేది ఇందుకే.

పొట్టి రాడ్ పెట్టారనుకోండి. పైభాగం 180కి తగ్గింది, నిష్పత్తి మూడుకు ఒకటి అయింది. చెయ్యి కదిలే దూరం 120 నుంచి 90కి వచ్చింది. ప్లే 8 నుంచి 6కి తగ్గింది. బాగానే ఉందనిపిస్తుంది కానీ, 120లో 8 ఎంతో 90లో 6 కూడా అంతే. వదులు ఎక్కడికీ పోలేదు. పైగా గేర్ వెయ్యడానికి చేతి బలం మూడో వంతు ఎక్కువ కావాలి.

ఇది నేను లెక్కలేసి తెలుసుకున్నది కాదు, డబ్బు పోగొట్టుకుని తెలుసుకున్నది. చాలా ఏళ్లు తిరిగిన నా కారుకి ముందు పొట్టి రాడ్ కిట్టే కొన్నాను. అమ్మినతను బుష్‌ల గురించి ఒక్క మాట అనలేదు, నేనూ అడగలేదు. వారం రోజుల తర్వాత గేరు అంతే వదులుగా, అదనంగా బిగుతుగా పడుతోంది. రెండు దరిద్రాలూ ఒకేచోట. కిట్ తీసి అటక మీద పడేశాను.

సరే, పనిలోకి దిగుదాం. కారు సమంగా ఉన్న చోట ఆపి, చక్రాలకు ఇటుకలు అడ్డం పెట్టి, న్యూట్రల్‌లో ఉంచండి. రాడ్ చుట్టూ ఉన్న తోలు కవర్ పైకి లాగితే ఊడుతుంది. దాని కింద కన్సోల్ (రాడ్ చుట్టూ సీట్ల మధ్య ఉండే ప్లాస్టిక్ పెట్టె) స్క్రూలు కనిపిస్తాయి. ఇంజిన్ వైపు కేబుల్ చివరలు చాలా కార్లలో ఎయిర్ ఫిల్టర్ డబ్బా కిందో బ్యాటరీ ట్రే కిందో ఉంటాయి. బ్యాటరీ తియ్యాల్సి వస్తే ముందు నెగెటివ్ వైరు ఊడదీయండి. ఏదైనా విప్పే ముందు ఫోన్‌తో ఫొటో తియ్యండి. కేబుల్ పొడవు సరిచేసే చోటు ఉంటే అక్కడ పెయింట్ పెన్నుతో గీత గీయండి. ఈ గీత మరిచిపోతే తర్వాత అయిదో గేర్ కోసం సాయంత్రం దాకా వెతుక్కోవాలి.

కేబుల్ చివర రింగు ఒక పిన్ను మీద కూర్చుని, చిన్న క్లిప్పుతో ఆగి ఉంటుంది. క్లిప్పు తీసేటప్పుడు కింద పాత గుడ్డ పరవండి. ఎగిరిపోయిన క్లిప్పు ఇంజిన్ సందుల్లో ఎక్కడో ఇరుక్కుంటుంది, దొరకదు. రింగు లోపలి రబ్బరు బుష్ గట్టిపడి ఉంటే బ్లేడుతో నిలువుగా కోసి లాగెయ్యండి. కొన్ని కార్లలో బుష్ విడిగా దొరకదు, కేబుల్ మొత్తం మార్చాలంటారు. అప్పుడే లేత్ షాపు అక్కరకొస్తుంది. వెర్నియర్‌తో రింగు లోపలి వ్యాసం, పిన్ను వ్యాసం, రింగు మందం కొలిచి రాసుకెళ్తే ఇత్తడి బుష్ తిప్పి ఇస్తారు. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట ఇలాంటి పని వింతేమీ కాదు. పిన్ను తిరిగే రంధ్రం పిన్ను కంటే 0.1 మిల్లీమీటరు ఎక్కువ ఉండాలి. బుష్ పొడవు రింగు మందం కంటే వెంట్రుకవాసి ఎక్కువ ఉండాలి, లేకపోతే క్లిప్పు పడ్డాక రింగు నొక్కుకుపోయి తిరగదు.

ఇత్తడా, పాలీయురేథేనా (రబ్బరు లాంటిదే, కాస్త గట్టి ప్లాస్టిక్) అంటే, నా మాట ఇది. కేబుల్ చివరలకు ఇత్తడి పెట్టొచ్చు. కారు ఫ్లోరుకి రాడ్ అడుగుభాగాన్ని బిగించే నాలుగు బోల్టుల దగ్గర మాత్రం మరీ గట్టివి పెట్టకండి. అక్కడి రబ్బరు ఇంజిన్ వణుకును మీ చేతి దాకా రానివ్వకుండా మింగేస్తుంది. నేను అత్యాశకు పోయి అక్కడా లోహమే పెట్టాను. సిగ్నల్ దగ్గర ఆగిన ప్రతిసారీ కన్సోల్ తేనెతుట్టెలా రొద. పాలీయురేథేన్‌కి మార్చాక నెమ్మదించింది. పాలీయురేథేన్‌కీ రబ్బరుకీ సిలికాన్ గ్రీజే రాయండి. మామూలు పెట్రోలియం గ్రీజు తగిలితే రబ్బరు ఉబ్బిపోతుంది. అసలు గ్రీజే రాయకపోతే పాలీయురేథేన్ కిచకిచలాడుతుంది.

అన్నీ బిగించాక, స్టార్ట్ చెయ్యకముందే ఒక పరీక్ష. న్యూట్రల్‌లో రాడ్‌ను ఎడమకు నొక్కి వదలండి, తర్వాత కుడికి నొక్కి వదలండి. రెండుసార్లూ తనంతట తాను మూడు–నాలుగు వరుసకు వచ్చి నిలబడాలి. సోమరిగా మధ్యలో ఆగిపోతే ఏదో బుష్ బిగుసుకుంది, తీసి పలచగా గీకండి. తర్వాత రివర్స్‌తో సహా అన్ని గేర్లూ వేసి చూడండి, ముఖ్యంగా రెండు, నాలుగు వేసినప్పుడు రాడ్ కన్సోల్‌కి తగలకూడదు. తగిలితే గేరు పూర్తిగా పడక దారిలో జారిపోతుంది. ఆపైనే ఇంజిన్ స్టార్ట్ చేసి క్లచ్ నొక్కి మళ్లీ అన్నీ వెయ్యండి. ఆపి ఉన్నప్పుడు మెత్తగా పడినవి స్టార్ట్ చేశాక మొరాయిస్తే, తప్పు బుష్‌లది కాదు, క్లచ్ పూర్తిగా విడవట్లేదు. మొదటి పాఠానికి వెళ్లండి.

పొట్టి రాడ్ అసలు వద్దంటారా అని అడగొచ్చు. బుష్‌లు మార్చి, ప్లే తగ్గాక కూడా చెయ్యి చాలా దూరం వెళ్తోందనిపిస్తే పెట్టుకోండి. ఒక్కటి గుర్తుంచుకోండి. గేరు మారేటప్పుడు గేర్‌బాక్స్ లోపల సింక్రో రింగు పళ్ల చక్రం వేగాన్నీ, అది తిరిగే ఇరుసు వేగాన్నీ ఒకటి చెయ్యడానికి కాస్త సమయం తీసుకుంటుంది. 1928లో కాడిలాక్ కార్లలో వచ్చినప్పటి నుంచీ ఈ ఏర్పాటు రాపిడి మీదే నడుస్తోంది. రాడ్ పొట్టిదైతే చెయ్యి ముందే చేరుకుంటుంది, రింగుకి తొందర పెరుగుతుంది. రెండో గేర్ ఇప్పటికే కరకరమంటున్న కారుకి ఇది తగదు. నా కిట్ అటక మీద నుంచి దిగింది కానీ, బుష్‌లూ గేర్ ఆయిలూ మార్చిన తర్వాతే.

500 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ స్కేలు పట్టుకుని అవే రెండు అంకెలు కొలిచి పాతవాటి పక్కన రాయండి. ఇంకో చిన్న పని: రివర్స్ వెయ్యడానికి మీ కారులో నాబ్ కింద రింగు పైకి లాగాలా, రాడ్ కిందికి నొక్కాలా, ఏమీ అక్కర్లేదా చూసి పెట్టుకోండి. వచ్చే పాఠం నాబ్‌ల గురించి, అక్కడ ఇది కావాలి. ఈలోపు బరువుగా ఉందని స్టీల్ నాబ్ కొనేయకండి. మే నెల మధ్యాహ్నం ఎండలో ఆపిన కారులో దాన్ని పట్టుకోవాలంటే చేతిలో తువ్వాలు ఉండాలి.