ఐదు కుక్కలతో ఆర్‌వీ ప్రయాణం: రాత్రి ఎక్కడ ఆపాలి?

అమెరికా తూర్పున ఉన్న రాలీ నుంచి పడమటి ఎడారి నగరం ఫీనిక్స్‌కి ఇల్లు మారినప్పుడు సామానుతో మాకు ఏ ఇబ్బందీ రాలేదు, అదంతా ట్రక్కులో వెళ్లిపోయింది. ఇబ్బందల్లా మా ఐదు కుక్కలతోనే. సుమారు 2,200 మైళ్లు, ఎక్కువ భాగం ఐ-40 హైవే మీద ఆర్‌వీలో (పడక, వంటగది ఉన్న ఇల్లులాంటి బండిలో) వెళ్తూ రోజూ చీకటిపడేలోపు ఎక్కడ ఆపాలా అన్నదే టెన్షన్. రెండు కుక్కలున్నవాళ్లని ఎవరూ ఏమీ అడగరు. మూడో కుక్క నుంచే లెక్క మారుతుంది.

సమస్య: "పెట్ ఫ్రెండ్లీ" అని రాసి ఉంటుంది, తీరా గేటు దగ్గరికి వెళ్తే కుదరదంటారు

కారణం: చాలా ప్రైవేటు ఆర్‌వీ పార్కుల్లో సైటుకి, అంటే ఒక బండి ఆపే జాగాకి, రెండు కుక్కలే అన్న నియమం ఉంటుంది. దానికితోడు ఇన్సూరెన్స్ పేరు చెప్పి రాట్‌వైలర్, డాబర్‌మన్, పిట్‌బుల్ లాంటి జాతుల్ని వద్దంటారు. మా టామీ సగం రాట్‌వైలర్. మొదటి రాత్రే, డబ్బు కట్టి బుక్ చేసుకున్న చోటు నుంచి వెనక్కి తిరిగాం. తప్పు మాదే. ఫోన్‌లో "కుక్కలున్నాయి" అన్నాం గానీ ఎన్నో చెప్పలేదు.

పరిష్కారం: ఫోన్ ఎత్తగానే సంఖ్య, జాతి, బరువు చెప్పేయండి. తేదీ, రేటు సంగతి ఆ తర్వాత. సరేనంటే ఆ మాట మెయిల్‌లో పెట్టమనండి. రేబిస్ టీకా సర్టిఫికెట్లు అన్నిటివీ ఒకే ఫైల్లో ఉంచుకోండి. రెండింటిని చూపించి మూడింటిని లోపల దాచే తెలివితేటలు మాత్రం వద్దు, పక్క సైటులో ఎవరైనా తలుపు వేస్తే చాలు, ఐదూ ఒకేసారి హాజరు పలుకుతాయి.

ప్రైవేటు పార్కులు కాదన్నప్పుడు రెండు చోట్ల వెతకండి. ఒకటి, ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజనీర్స్ (అమెరికా సైన్యపు ఇంజనీరింగ్ విభాగం) వాళ్లు నదులు, రిజర్వాయర్ల పక్కన నడిపే క్యాంప్‌గ్రౌండ్లు. లిటిల్ రాక్ దగ్గర అర్కన్సా నది ఒడ్డున ఉన్న మామెల్ పార్క్ అలాంటిదే. బుకింగ్ రిక్రియేషన్.గవ్ సైట్లో. కుక్కకి ఆరడుగులు మించని లీష్ (మెడపట్టీకి కట్టే తాడు) తప్పనిసరి. రెండోది, కౌంటీ ఫెయిర్‌గ్రౌండ్లు, అంటే మన జిల్లాల్లాంటి కౌంటీల సంత మైదానాలు. పశువుల సంతలు, గుర్రాల పోటీలు జరిగే చోటు కదా, ఐదు కుక్కలంటే అక్కడెవరూ ఉలిక్కిపడరు. చాలావాటిలో కరెంటు, నీళ్ల కనెక్షన్లున్న ఆర్‌వీ సైట్లు కూడా ఉంటాయి.

సమస్య: వాల్‌మార్ట్ పార్కింగ్‌లో పడుకుంటే అర్ధరాత్రి తలుపు కొట్టి లేపారు

కారణం: అన్ని వాల్‌మార్ట్‌లకీ ఒకే పద్ధతి లేదు. ఆ స్టోర్ మేనేజర్ ఒప్పుకోవాలి, ఆ ఊరి చట్టమూ ఒప్పుకోవాలి.

పరిష్కారం: మధ్యాహ్నమే స్టోర్‌కి ఫోన్ చేసి అడగండి. క్రాకర్ బ్యారెల్ హోటళ్లలో చాలాచోట్ల ఆర్‌వీలకి పొడవాటి పార్కింగ్ ఉంటుంది, అక్కడా అడిగే ఆగాలి. హైవే రెస్ట్ ఏరియాల్లో ఎంతసేపు ఉండనిస్తారన్నది రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. టెక్సాస్ 24 గంటలు ఇస్తుంది గానీ, అక్కడ ఐ-40 ఉన్నదే 177 మైళ్లు. ట్రక్ స్టాపుల్లో అయితే ఫ్రీజర్ ట్రక్కు పక్కన మాత్రం ఆపకండి. దాని మోటారు రాత్రంతా మోగుతూనే ఉంటుంది, కుక్కలు కంటిమీద కునుకు వేయవు, మనల్నీ వేయనివ్వవు.

సమస్య: కుక్కల్ని లోపల ఉంచి బయటికి వెళ్లినప్పుడు ఏసీ ఆగిపోతే?

కారణం: ఇక్కడి కరెంటు 120 వోల్టులే కాబట్టి, 30 ఆంపియర్ల కనెక్షన్ అంటే మొత్తం 3,600 వాట్లే. ఏసీ, వాటర్ హీటర్ నడుస్తుండగా మా ఆవిడ రైస్ కుక్కర్ పెట్టింది, నేను మైక్రోవేవ్‌లో పప్పు పెట్టాను. బ్రేకర్ పడిపోయింది. అదృష్టం కొద్దీ మేం అక్కడే ఉన్నాం. బయట 70 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉన్నా మూసిన కారులో పది నిమిషాల్లో 90కి దగ్గరవుతుంది. ఆర్‌వీ కాస్త నయమేమో గానీ ఆ ధైర్యంతో వదిలి వెళ్లలేం.

పరిష్కారం: ఏసీ ఉన్నంతసేపూ వంట గ్యాస్ మీదే. వోల్టేజీ చూపించే సర్జ్ ప్రొటెక్టర్ (కరెంటు ఒక్కసారిగా పెరిగితే కాపాడే పరికరం) పెట్టుకోండి, 105 వోల్టుల కిందకి పడుతుంటే వేరే సైటు అడగండి. సిమ్‌తో పనిచేసే టెంపరేచర్ అలారం కొనండి. వైఫైది కొంటే కరెంటుతో పాటు అదీ పోతుంది. జనరేటర్ని నమ్ముకునేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సింది, చాలా క్యాంప్‌గ్రౌండ్లలో రాత్రి పది తర్వాత దాన్ని ఆపేయాలి.

సమస్య: న్యూ మెక్సికోలో దిగగానే కుక్క మూడు కాళ్ల మీద కుంటుతోంది

స్నూపీ రెండడుగులు వేసి కాలు ఎత్తేసింది. వెనకాలే బ్రౌనీ. పాదం తిప్పి చూస్తే వేళ్ల సందులో లేత గోధుమరంగు ముల్లు. చేతిలోకి తీసుకోగానే గుర్తుపట్టాను. చిన్నప్పుడు పొలం గట్టు మీద చెప్పుల్లేకుండా నడిచినప్పుడు గుచ్చుకున్న పల్లేరు కాయే! ఇక్కడివాళ్లు దాన్ని గోట్‌హెడ్ అంటారు. ఎటు పడేసినా ఒక ముల్లు పైకే ఉంటుంది.

పరిష్కారం: కుక్కల్ని దించేముందు మీరు రబ్బరు చెప్పులతో సైటంతా ఓసారి తిరగండి. చెప్పులు తిప్పి అడుగు చూడండి. కాయలు గుచ్చుకుని ఉంటే సైటు మార్చమనండి, లేదా కుక్కలకి బూట్లు తొడగండి. పట్టకారు తలుపు పక్కనే ఉండాలి.

సమస్య: రోజూ చీకటిపడ్డాకే చేరుతున్నాం

కారణం: మ్యాప్ చెప్పే టైమ్ కుక్కల్లేని కారుకి. ఐదింటిని జతలుగా దించి తిప్పి ఎక్కించేసరికి ఒక్కో ఆగుడుకి నలభై నిమిషాలు.

పరిష్కారం: రోజుకి 300 మైళ్లు చాలు, మూడింటికల్లా ఆగిపోండి. వేసవిలో వెళ్తే ఆఖరి రాత్రి ఫీనిక్స్ దాకా రావద్దు. దాదాపు 7,000 అడుగుల ఎత్తులో చల్లగా ఉండే ఫ్లాగ్‌స్టాఫ్‌లోనే పడుకుని, తెల్లవారుజామున ఐ-17 హైవే మీద దిగండి. దారిలో చాలా భాగం పల్లమే, నిటారు పల్లాల్లో తక్కువ గేరులో రండి. తొమ్మిది లోపు కొత్త ఇంటికి చేరితే కుక్కల్ని నేల మీద దించగలరు. ఆలస్యమైతే దించేముందు చెయ్యి పెట్టి చూడండి, సిమెంటు కాలుతూ ఉంటుంది.