లిల్లీకి ఆకే వస్తోంది, కాడ రావడం లేదా? ముందు గడ్డ చూడండి

నేలసంపెంగ అనండి, పూలకొట్టు భాషలో లిల్లీ అనండి, మొక్క ఒక్కటే. విజయవాడ, గుంటూరు డాబాల మీద దీని గురించి వినిపించే ఫిర్యాదూ ఒక్కటే: కుండీ నిండా గడ్డి దుబ్బులా పచ్చటి ఆకు, పూలకాడ మాత్రం లేదు. వెంటనే అందరూ చేసే పని ఎరువు వేయడం. దయచేసి ఆగండి.

ముందు ఎండ

రోజుకు కనీసం ఆరు గంటలు ఎండ నేరుగా ఆకు మీద పడాలి. అపార్ట్‌మెంట్ బాల్కనీలో వెలుతురు ఉంటుంది, ఎండ ఉండదు. రెండూ ఒకటి కావు. ఉదయం ఎనిమిదికి, పన్నెండుకి, మూడుకి వెళ్లి చూడండి. నీడ ఉంటే కుండీ డాబా మీదికి చేర్చండి, మిగతావన్నీ తర్వాత. డిసెంబరు, జనవరిల్లో కాడలు తగ్గితే అది చలి ప్రభావమే, కంగారు వద్దు.

ఎండ ఉన్నా పూయకపోతే: గడ్డలు కిక్కిరిశాయి

ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే, ఎందుకంటే మొక్క చూడ్డానికి ఏపుగా ఉంటుంది. లిల్లీ గడ్డ ఒక్కసారే పూస్తుంది. కాడ వేసిన గడ్డ మళ్లీ వేయదు. దాని చుట్టూ పుట్టిన పిల్లగడ్డలు బలిసి పూయాలి. నాలుగు గడ్డలు పెట్టిన కుండీలో రెండేళ్లకి పిల్లలు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ ఉంటాయి. ప్రతి పిల్లా ఆకు వేస్తుంది, ఏదీ పూత సైజుకి ఎదగదు. పైన యూరియా వేస్తే ఇంకా ఆకు, ఇంకా పిల్లలు.

దుబ్బు మొదట్లో వేలు దూర్చి చూడండి. మట్టికన్నా గడ్డలే తగిలితే కారణం దొరికినట్టే.

జనవరిలో రెండు మూడు వారాలు నీళ్లు ఆపండి. ఆకు పండబారాక కుండీ బోర్లించి, గడ్డల్ని చేత్తో విడదీయండి. ఎండిన కాడ మొదలు అంటుకున్న ముసలి గడ్డలు, నొక్కితే మెత్తబడేవి పారేయండి. మిగతావాటి లావు స్కేలుతో కొలవండి, కంటి అంచనా వద్దు. 2 సెంటీమీటర్లు, అంతకు మించినవి పూలకుండీకి. ఒకటిన్నర లోపువి ఈ ఏడాది పూయవు. వేరే సంచిలో దూరం దూరంగా పెట్టి పెంచండి. మధ్యవి పూసినా ఆలస్యంగా పూస్తాయి.

ఆకు, వేళ్లు కత్తిరించి, గాలి ఆడే నీడలో గోనె మీద మూడు నాలుగు వారాలు ఆరనివ్వండి. ఈ విశ్రాంతి ఇవ్వకుండా తీసిన రోజే నాటేస్తుంటారు. అలా చేయకండి, విశ్రాంతి పొందిన గడ్డే బాగా పూస్తుంది.

ఫిబ్రవరి చివర్లో నాటండి. 12 అంగుళాల కుండీకి నాలుగు గడ్డలే, 15 సెంటీమీటర్ల ఎడం, 5 సెంటీమీటర్ల లోతు, మొన పైకి. గుంటూరు నల్లరేగడి ఒక్కటే నింపితే నీరు నిలిచి గడ్డ కుళ్లుతుంది: రెండు పాళ్లు మట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి కలపండి. నాటగానే ఒక తడి. మొలక వచ్చేదాకా మట్టి ఆరితేనే మరో తడి. 80 నుంచి 100 రోజుల్లో కాడ కనిపిస్తుంది.

విడదీసేటప్పుడు వేళ్లకి బుడిపెలు కనిపిస్తే

అవి నులిపురుగుల (వేళ్లలో చేరే, కంటికి కనిపించని సన్నటి పురుగుల) వల్ల వచ్చినవి. టమాటా, బెండ పెంచిన పాత మట్టి వాడితే ఈ పురుగులు వస్తాయి. ఆ మట్టి మళ్లీ ఏ కుండీలోనూ వేయకండి. కొత్త గడ్డలు కొనాల్సివస్తే, బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ తెచ్చిన శృంగార్ రకం అడగండి, ఈ పురుగుని తట్టుకుంటుంది.

కాడ వచ్చాక మొగ్గలు వంకర్లు పోయి ఎండితే తామర పురుగులు; గుంటూరు మిరప రైతుకి వాటి పరిచయం అక్కర్లేదు. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పిచికారీ చేస్తే చాలు. ఆకు కొసలు మాడి, మట్టి మీద తెల్లటి పొర కడితే బోరు నీటి ఉప్పు: కుండీ అడుగు నుంచి ధార కట్టేలా మంచినీళ్లు రెండుసార్లు పోయండి.