బండిలో ఫ్రిజ్ – 4వ పాఠం: ఫ్యాను కంటే ముందు రేకు

పోయిన పాఠంలో చెప్పిన పని చేసినవాళ్లు ఈపాటికి ట్రెయిలర్ (కారు వెనక తగిలించి లాగే ఇంటిబండి) బయటివైపు కింది జాలీ విప్పి, ఫ్రిజ్ వెనక భాగాన్ని కళ్లారా చూసి ఉంటారు. బూజు, ఎండుటాకులు, కందిరీగల గూడు ఏమైనా ఉంటే తీసేసి, మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులిపి ఉంటారు. చెయ్యనివాళ్లు ముందు ఆ పని పూర్తి చేసుకుని రండి. దుమ్ము పట్టిన గొట్టాల మీద ఇవాళ్టి పాఠం పనిచెయ్యదు.

తిరుపతి, చిత్తూరు వైపు నేర్చుకునేవాళ్లు అడిగే మాట దాదాపు ఒక్కటే. కత్తిరి ఎండల్లో రాత్రి ఫ్రిజ్‌లో పెట్టిన ఇడ్లీపిండి పొద్దున్నకల్లా పొంగి మూత తోసేస్తోంది, ఎలాంటి ఫ్యాను కొనాలి అని. పిండి పొంగిందంటే లోపల చల్లదనం చాలనట్టే, అందులో అనుమానం లేదు. కానీ ఫ్యాను తర్వాత. ముందు రేకు, అంటే ఫ్రిజ్ వెనక గాలిని గొట్టాల మీదికి మళ్లించే అల్యూమినియం పలక. ఎందుకో చెబుతాను.

ఈ పాఠంలో ఫ్రిజ్ అంటే గ్యాస్ మీదా, 12 వోల్టుల బ్యాటరీ మీదా, ఇంటి కరెంటు మీదా నడిచే, కంప్రెసర్ లేని రకం. బయటి దేశాల్లో తయారైన ట్రెయిలర్లలో ఎక్కువగా కనబడేది ఇదే. దీని వెనక అడుగున బాయిలర్ ఉంటుంది. మంటో, హీటరో అందులోని అమోనియా కలిసిన నీళ్లని కాగబెడుతుంది. నీళ్లకంటే ముందు అమోనియా ఆవిరై పైకి లేస్తుంది. పైన, ఫిన్నులు (పలచటి రేకుల వరసలు) ఉన్న కండెన్సర్‌లో, తన వేడిని గాలికి ఇచ్చేసి ద్రవమవుతుంది. ఆ ద్రవం ఫ్రిజ్ లోపలి గొట్టాల్లోకి దిగి, అక్కడ హైడ్రోజన్ తోడుగా మళ్లీ ఆవిరవుతూ మీ పాలలోంచి, పిండిలోంచి వేడి లాగేసుకుంటుంది. తర్వాత కిందికి జారి, మెలికలు తిరిగిన అబ్సార్బర్ గొట్టాల్లో నీళ్లతో కలుస్తుంది. కలిసేటప్పుడు మళ్లీ వేడి పుడుతుంది.

మోటారు లేదు, కదిలే భాగం ఒక్కటీ లేదు. 1922లో స్టాక్‌హోమ్‌లో చదువుకుంటున్న బాల్ట్‌జర్ వాన్ ప్లాటెన్, కార్ల్ ముంటర్స్ అనే ఇద్దరు కుర్రాళ్లు కనిపెట్టిన పద్ధతి ఇది. మంటతో మంచు పుట్టించడం నాకు ఎప్పుడు తలుచుకున్నా అబ్బురమే.

ఇక మనకి కావలసిన సంగతి. వెనకవైపు వేడి వదిలే చోట్లు రెండు: మధ్యలో అబ్సార్బర్ గొట్టాలు, పైన కండెన్సర్. కండెన్సర్ చుట్టూ గాలి మరీ వేడెక్కితే అమోనియా సరిగా ద్రవం కాదు. ద్రవం దిగకపోతే లోపల చల్లబడదు. అప్పుడు నాబ్ ఎంత పెంచినా మంట ఎక్కువసేపు మండుతుంది, గ్యాస్ ఖర్చవుతుంది, అంతే.

తలుపు తీసి లోపలి గోడకి అంటించిన స్టిక్కర్ ఒకసారి చదవండి. ఎస్ఎన్, ఎన్, ఎస్‌టీ, టీ అనే అక్షరాల్లో ఏదో ఒకటి ఉంటుంది. చుట్టూ ఉన్న గాలి ఎంత వేడి వరకు ఆ ఫ్రిజ్ పనిచేసేలా చేశారో చెప్పే గుర్తు అది. ఎస్ఎన్, ఎన్ రకాలకి 32 డిగ్రీలే హద్దు. ఎస్‌టీకి 38, టీకి 43. మే నెలలో తిరుపతిలో 42 దాటే మధ్యాహ్నాలు మనకి కొత్త కాదు. అంటే టీ తప్ప మిగతా రకాలన్నీ ఆ వేళల్లో తమ హద్దు దాటి కష్టపడుతున్నట్టే. పైగా ఆ లెక్క చుట్టుపక్కల గాలిది. ఫ్రిజ్ వెనక మూసుకుపోయిన గూట్లో గాలి అంతకంటే ఎంతో వేడిగా ఉంటుంది. బయటి ఎండని మనం తగ్గించలేం. గూట్లో అదనంగా పోగయ్యే వేడిని మాత్రం తప్పకుండా తగ్గించగలం. ఈ పాఠమంతా ఆ అదనపు డిగ్రీల కోసమే.

ఫ్రిజ్ వెనకున్న గూడు పొయ్యి మీద పొగగొట్టంలాగే పనిచెయ్యాలి. కింది జాలీలోంచి బయటి గాలి రావాలి, గొట్టాల వేడికి తేలికై పైకి లేవాలి, పై జాలీలోంచి వెళ్లిపోవాలి. అలా వెళ్తోందా లేదా చూడటానికి ఒక్క అగరబత్తి చాలు. గ్యాస్ సిలిండర్ వాల్వు పూర్తిగా మూసెయ్యండి, ఇది మాత్రం మరవద్దు. ఫ్రిజ్‌ని ఇంటి కరెంటు మీద రెండు మూడు గంటలు నడవనిచ్చి, గాలి స్తంభించిన సాయంత్రం పూట అగరబత్తి వెలిగించి కింది జాలీ ముందు పట్టుకోండి. పొగ సన్నటి దారంలా లోపలికి వంగాలి.

వంగకుండా మీ ముఖం మీదికి వస్తే పైన దారి మూసుకుంది. పొగ ట్రెయిలర్ లోపల, వంటగది మూలలోనో మంచం దగ్గరో వాసనొస్తే గూటికీ గదికీ మధ్య సందులున్నాయి. ఆ సందులు మూసేదాకా ఫ్రిజ్‌ని గ్యాస్ మీద నడపకూడదు. మంట సరిగా మండకపోతే పుట్టే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ లేదు, వాసనా లేదు. నిద్రలో ఉన్నవాళ్లకి తెలియను కూడా తెలియదు.

పొగ చక్కగా లోపలికి వెళ్లినా పని అయిపోయిందనుకోవద్దు. పై జాలీ విప్పి టార్చి వేసి, ఆ పొగ ఏ దారిన వస్తోందో చూడండి. చాలా బండ్లలో అది గొట్టాలని తాకకుండా, బయటి గోడని ఆనుకుని నేరుగా పైకి పోతుంది. మన దగ్గర బాడీ కట్టేవాళ్లు గాలి ఆడాలి కదా అని ఫ్రిజ్ వెనక నాలుగైదు అంగుళాలు వదులుతారు. మంచి ఉద్దేశమే. అయితే గాలి ఎప్పుడూ సులువైన దారే వెతుక్కుంటుంది. నాలుగు అంగుళాల ఖాళీ దొరికితే ఫిన్నుల మధ్య ఇరుక్కుంటూ ఎందుకు పోతుంది? గొట్టాలకీ వెనక గోడకీ మధ్య దూరం ఒక అంగుళం దాటకపోతేనే గాలి గొట్టాలని ఒరుసుకుంటూ పోతుంది. ఆ దూరాన్ని తగ్గించడానికే రేకు. ఇది లేకుండా ఫ్యాను పెడితే అదే ఖాళీలోంచి గాలిని ఇంకా వేగంగా తోస్తుంది, కండెన్సర్ మాత్రం అలాగే కాలుతూ ఉంటుంది.

ముందు పాత క్యాలెండర్ అట్టతో కొలత చూసుకోండి. గూటి వెడల్పుకంటే ఒక పావు అంగుళం తక్కువగా కత్తిరించి, గోడకి ఆనే అంచుని అంగుళం మేర మడవండి. మడిచిన అంచు బయటి గోడ లోపలివైపు కూర్చోవాలి. మిగతా భాగం ఏటవాలుగా పైకి లేచి, కండెన్సర్ ఫిన్నులకి కాస్త కిందుగా, అర అంగుళం దూరంలో ఆగాలి. కిందినుంచి వచ్చే గాలికి ఆ వాలు వెంబడి ఫిన్నుల మధ్యలోంచి తప్ప వేరే దారి ఉండకూడదు. అట్టతో కుదిరాక దాన్నే రేకు మీద పెట్టి గీసుకోండి. అర మిల్లీమీటరు అల్యూమినియం రేకు చాలు, రేకుల కత్తెరతో తేలిగ్గా తెగుతుంది. అంచులు ఆకురాయితో నున్నగా చెయ్యండి, లేకపోతే తర్వాత వైర్లు తెగుతాయి. బిగించే స్క్రూ పొడవు గోడ మందంకంటే తక్కువ ఉండాలి. బయటికి పొడుచుకొస్తే వాన నీళ్లు గోడలోకి దిగుతాయి. రేకు పక్కల సందులకి అల్యూమినియం టేపు వెయ్యండి. వెనక ఖాళీ మరీ ఎక్కువుంటే అబ్సార్బర్ గొట్టాల ఎదురుగా కూడా ఇలాంటిదే ఇంకో రేకు పెట్టాలి.

పై జాలీ కప్పు మీద కాకుండా పక్కగోడకే ఉంటే ఇంకో పని ఉంది. వేడిగాలి జాలీని దాటి పైకి పోయి, ఫ్రిజ్ నెత్తిన పోగవుతుంది. అక్కడినుంచి కిందికి రాదు కాబట్టి ఫ్రిజ్ పై గోడ రోజంతా ఉడుకుతూనే ఉంటుంది. కండెన్సర్ పై అంచునుంచి జాలీ పై అంచుదాకా ఇంకో రేకుని ఏటవాలుగా కప్పులా వేస్తే గాలి తిరిగి బయటికి పోతుంది. ఫ్రిజ్ నెత్తినా, పక్కలా మిగిలిన ఖాళీని రాక్‌వుల్‌తో (మంట అంటుకోని రాతి నార) నింపండి. థర్మోకోల్ వద్దు. బర్నర్ పొగగొట్టం ఆ పక్కనే పోతుంది, అంటుకుంటే ఆపడం కష్టం.

రెండు జాగ్రత్తలు. కింది జాలీని ఎప్పుడూ, ఏ కారణానా మూయకూడదు. వంట గ్యాస్ గాలికంటే బరువైనది, ఎక్కడైనా లీకైతే కిందినుంచే బయటికి పోవాలి. రెండోది, డ్రిల్లు మొన గొట్టాలవైపు తిరగకూడదు. లోపల అమోనియా, హైడ్రోజన్ గట్టి ఒత్తిడిలో ఉంటాయి. గొట్టాల మీద పసుపు పొడి కనిపించినా, ఘాటైన అమోనియా వాసన వచ్చినా ఫ్రిజ్ ఆపేసి, కిటికీలు తెరిచి, బయటికి వచ్చెయ్యండి. ఆ యూనిట్ లీకైంది. అది రేకుతో బాగయ్యేది కాదు.

రేకు కుదిరాక ఫ్యానుకి విలువ వస్తుంది. కంప్యూటర్లలో వాడే 120 మిల్లీమీటర్ల 12 వోల్టుల ఫ్యాను, బాల్ బేరింగ్ రకం తీసుకోండి. దాన్ని రేకు పై అంచు దగ్గర, ఫిన్నుల కింద, గాలి పైకి కొట్టేలా బిగించాలి. బర్నర్ దగ్గర పెడితే మంట ఆరిపోతుంది. సాధారణంగా 0.2 ఆంపియర్లు లాగుతుంది, పది గంటలు తిరిగినా బ్యాటరీలోంచి పోయేది రెండు ఆంపియర్ అవర్లే. ఫ్రిజ్‌నే బ్యాటరీ మీద నడిపితే గంటకి పది ఆంపియర్ అవర్లు దాటుతుంది కాబట్టి ఫ్యాను ఖర్చు లెక్కలోకి రాదు. ప్లస్ వైరులో ఒక ఆంపియర్ ఫ్యూజు, దాని తర్వాత 45 డిగ్రీలకి కలిసే థర్మల్ స్విచ్ పెట్టండి. అంగడిలో నార్మల్లీ ఓపెన్ (మామూలుగా విడిగా ఉండి, వేడెక్కితే కలిసేది) అని అడిగి తీసుకోవాలి, రెండో రకం కొంటే వేడెక్కినప్పుడు ఆగిపోతుంది. స్విచ్‌ని కండెన్సర్ ఫిన్నుకి తగిలేలా బిగిస్తే పగలు తిరుగుతుంది, రాత్రి చల్లబడ్డాక దానంతటదే ఆగుతుంది.

బండి నిలిపే దిక్కు గురించి ఒక మాట. ఫ్రిజ్ ఉన్న గోడని ఉత్తరానికి పెట్టమని బయటి దేశాల పుస్తకాలు చెబుతాయి. వాళ్లకి అది నిజం. తిరుపతి 13.6 డిగ్రీల అక్షాంశంలో ఉంది. ఏప్రిల్ చివరి వారం నుంచి ఆగస్టు మధ్య దాకా మనకి సూర్యుడు మధ్యాహ్నం నడినెత్తికి ఉత్తరంగా ఉంటాడు. మే, జూన్ నెలల్లో పొద్దుపొడుపు నుంచి పొద్దుగూకే దాకా ఉత్తరం వైపే. కాబట్టి రేణిగుంట దగ్గర ఆపినా, తలకోన దారిలో ఆపినా ఆ రెండు నెలల్లో ఫ్రిజ్ గోడ దక్షిణానికి ఉంటే దానికి నేరుగా ఎండే తగలదు. పడమటికి మాత్రం పెట్టొద్దు.

ఇంటి ఫ్రిజ్‌నే ఇన్వర్టర్ మీద నడుపుతున్నవాళ్లు ఈ పాఠాన్ని అలాగే పాటించకండి. ఇప్పటి సింగిల్ డోర్ ఫ్రిజ్‌లలో చాలావాటికి కండెన్సర్ గొట్టాలు పక్కగోడల లోపలే ఉంటాయి. నడుస్తున్నప్పుడు పక్కలు ముట్టుకుంటే వెచ్చగా తగిలితే మీది అదే రకం. దాని పక్కల ఖాళీని నింపితే వేడి పోయే దారే మూసినట్టు. ఆ ఫ్రిజ్‌కి రెండు పక్కలా, వెనకా కంపెనీ పుస్తకంలో చెప్పినంత ఖాళీ వదిలి, పైనా కిందా జాలీలు పెట్టండి.

వచ్చే పాఠం లోపులో చెయ్యాల్సిన అభ్యాసం: వైరు మొన ఉన్న డిజిటల్ థర్మామీటరుతో మూడు చోట్ల కొలవండి. బయట నీడలో గాలి, కండెన్సర్‌కీ పై జాలీకీ మధ్య గాలి, ఫ్రిజ్ నడి అరలో గ్లాసు నీళ్లు. రేకు పెట్టకముందు ఒక మధ్యాహ్నం, పెట్టాక ఇంకో మధ్యాహ్నం, రెండుసార్లూ మూడు గంటలకే. చూడాల్సింది మొదటి రెండు అంకెల మధ్య తేడా, అది తగ్గాలి. గ్లాసు నీళ్లు ఐదు డిగ్రీలకి దిగకపోతే ఈ అంకెలు రాసుకున్న నోటుబుక్కు వచ్చే పాఠానికి దగ్గరుంచుకోండి. అది ఫ్రిజ్ లోపలి సంగతి: తలుపు రబ్బరు, ఫిన్నుల మీద మంచు, అరల మీద పరిచే ప్లాస్టిక్ షీట్లు.